లెక్క రాసే ఆస్పత్రి

వందమందిని చంపితేగాని వైద్యుడు కాడని మనకో సామెత ఉంది. పెద్దవాళ్లు నవ్వుతూ అంటారుగాని, ధర్మాసుపత్రిలో మంచం మీదున్నవాడికి అందులో నవ్వేమీ కనిపించదు. పొద్దున్నే రౌండ్స్ మొదలవుతాయి. ముందు ప్రొఫెసరు, ఆయన వెనక అసిస్టెంట్ ప్రొఫెసరు, ఆ వెనక పీజీలు, హౌస్ సర్జన్లు, చివర్న కోటు ఇంకా నలగని విద్యార్థులు. ఒక్క మంచం చుట్టూ డజను తలలు. ఒకమ్మాయి రోగి కథ అప్పజెబుతుంది: జ్వరం ఎన్నాళ్ల నుంచి, దగ్గు ఎప్పుడు మొదలైంది, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా. ప్రొఫెసరు మధ్యలో ఆపి "లివర్ ఎంత పెరిగింది?" అంటాడు. ఆ అమ్మాయి రెండు వేళ్లంటుంది. పీజీ నొక్కి చూసి మూడంటాడు. తలాపున నిలబడ్డ రోగి భార్య ఒక్కో ముఖమే చూస్తూ, వీళ్లలో మా ఆయనకి వైద్యం చేసేదెవరు, మా ఆయన మీద నేర్చుకునేదెవరు అని లోపల్లోపల అనుకుంటుంది.

ఆవిడ ప్రశ్నకి దాపరికం లేని జవాబు ఒకటే: చేసేవాళ్లూ నేర్చుకునేవాళ్లూ వాళ్లే. అక్కడ జరిగే మూడో పని ఆవిడ కంటికి ఆనదు. మంచానికి వేలాడే కేస్ షీటు, రోగి ఇంటికెళ్లాక రికార్డ్ రూముకు పోతుంది. ఏడాది తర్వాత ఏ పీజీయో తన థీసిస్ కోసం అలాంటి షీట్లు వందో రెండొందలో దుమ్ము దులిపి తీసి, ఎవరికి ఏ మందిచ్చారు, ఎవరు కోలుకున్నారు, ఎవరు పోయారు అని గళ్లు గీసి నింపుతాడు. రోగి కోసం రాసిన కాగితమే విద్యార్థికి పాఠమైంది, చివరికి పరిశోధనకి ముడిసరుకైంది. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉండే ప్రతి ఆస్పత్రీ ఈ మూడు పనుల మీదే నడుస్తుంది.

మూడూ ఒకే కప్పు కింద ఉంటే రోగికి మేలా, కీడా? ఈ ప్రశ్నకి చరిత్రలో దొరికే అతి కఠినమైన జవాబు వియన్నాలో ఉంది.

వియన్నా జనరల్ ఆస్పత్రిని 1784లో చక్రవర్తి రెండో జోసెఫ్ తెరిచాడు. అందులో ప్రసూతి వార్డులు పేదలకు ఉచితం. పెళ్లికాకుండా గర్భవతులైనవాళ్లు, పనిమనుషులు, కూలీలు వచ్చేవారు. డబ్బు కట్టక్కర్లేదు, దానికి బదులు వాళ్ల ఒళ్లు విద్యార్థులకు పాఠ్యపుస్తకం. ఈ బేరం ఎక్కడా రాసి ఉండేది కాదు, అందరికీ తెలిసేది. ప్రసూతి విభాగం రెండుగా ఉండేది, 1840లో నేర్చుకునేవాళ్లని కూడా విడదీశారు. ఒకటో విభాగంలో వైద్య విద్యార్థులు నేర్చుకుంటారు, రెండోదాంట్లో మంత్రసానులు. ఒకరోజు వచ్చినవాళ్లని ఒకదాంట్లో, మర్నాడు వచ్చినవాళ్లని రెండోదాంట్లో చేర్చుకుంటారు. ఇదంతా పాలనా సౌకర్యం కోసం చేసిన పని. ఇప్పటి పరిశోధకులు లక్షలు ఖర్చుపెట్టి, రోగుల్ని చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీసి చేసే ప్రయోగం అక్కడ దానంతటదే అమరిపోయిందని అప్పుడెవరికీ తట్టలేదు.

1846లో ఒకటో విభాగంలో 4,010 కాన్పులు జరిగితే 459 మంది తల్లులు పోయారు, నూటికి 11 మంది పైచిలుకు. రెండోదాంట్లో 3,754 కాన్పులకి 105 మంది, నూటికి ముగ్గురికి లోపే. చంపిందంతా దాదాపుగా సూతికా జ్వరమే. ఈ తేడా ప్రొఫెసర్ల కంటే ముందు ఊళ్లో ఆడవాళ్లకు తెలుసు. ఒకటోదాంట్లో చేర్చుకునే రోజని తెలిసి, అందులో వెయ్యొద్దని మోకాళ్ల మీద పడి ఏడ్చేవారు. కొందరు కావాలనే ఆలస్యం చేసి దారిలో వీధిలోనే ప్రసవించేవారు. వింతేమిటంటే, వీధిలో కన్నవాళ్లకి ఆ జ్వరం అరుదుగా వచ్చేది. ప్రపంచంలో అంత పేరున్న వైద్య కళాశాల ఆస్పత్రి కంటే రోడ్డు పక్కే నయమైంది.

1846 జులైలో ఒకటో విభాగానికి అసిస్టెంటుగా వచ్చిన హంగరీ కుర్రవాడు ఇగ్నాజ్ సెమ్మెల్వైస్‌కు ఈ తేడా కంట్లో నలుసై కూర్చుంది. గాలిలో చెడు ఉందంటే, రెండు విభాగాలకీ గాలి ఒకటే. కిక్కిరిసి ఉండటం వల్లనంటే, జనం పారిపోయి చేరే రెండోదాంట్లోనే కిక్కిరింపు ఎక్కువ. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల దగ్గరికి గంట కొట్టుకుంటూ వెళ్లే పాదిరీని చూసి బాలింతలు హడలిపోతున్నారేమోనని, ఆయన్ని గంట లేకుండా వేరే దారిన రమ్మన్నాడు. మంత్రసానులు పక్కకి పడుకోబెట్టి కాన్పు చేస్తున్నారని తనూ అలాగే చేయించాడు. ఏదీ ఫలించలేదు. ఒక్కో కారణాన్నీ ఊహించడం, మార్చి చూడటం, లెక్క చూడటం, కొట్టేయడం. ఆయన పద్ధతంతా ఇంతే. ఆ మాటకొస్తే వైద్య పరిశోధన పద్ధతి ఈనాటికీ ఇంతే.

1847 మార్చిలో ఆయన స్నేహితుడు, శవపరీక్షలు నేర్పే ప్రొఫెసరు కొల్లెచ్కా చనిపోయాడు. పాఠం మధ్యలో ఒక విద్యార్థి కత్తి ఆయన వేలికి తగిలింది, అంతే. ఆయన శవపరీక్ష నివేదిక చదివిన సెమ్మెల్వైస్‌కి తల తిరిగిపోయింది. పేరొక్కటే తేడా, లోపలి అవయవాల్లో కనిపించినదంతా బాలింతల శవాల్లో రోజూ చూసేదే. ప్రొఫెసరుకి కత్తి ద్వారా ఎక్కింది బాలింతలకి దేని ద్వారా ఎక్కుతోంది? పొద్దున్నే శవాల గదిలో కోసి నేర్చుకుని, అవే చేతులతో నేరుగా ప్రసవపు గదికి వచ్చి పరీక్ష చేసేది విద్యార్థులు. మంత్రసానులకి శవాలతో పనిలేదు. సెమ్మెల్వైసే అందరికంటే ముందు వెళ్లి శవాలు కోసేవాడు. ఎంత శ్రద్ధగా నేర్చుకుంటే అంతమందిని చంపినట్టు తేలింది.

1847 మే నడుమ నుంచి క్లోరిన్ నీళ్లతో, తర్వాత మన మురిక్కాలవల పక్కన చల్లే బ్లీచింగ్ పౌడరు నీళ్లతో, శవాల వాసన పోయేదాకా చేతులు కడుక్కుంటేనే వార్డులో అడుగుపెట్టాలన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయారు. జూన్‌లో ఇద్దరు, జులైలో ఒకరు. 1848లో ఒకటో విభాగంలో 3,556 కాన్పులకి 45 మరణాలు, రెండోదాంట్లో 3,319కి 43. విభాగాల మధ్య తేడా చెరిగిపోయింది.

ఈ కథని చాలామంది ఇక్కడితో ఆపి, చేతులు కడుక్కోండర్రా అని నీతి చెప్పేస్తారు. నాకు ఇందులో మరో రెండు సంగతులు ముఖ్యం. 1847 అక్టోబరులో గర్భాశయ క్యాన్సర్‌తో చీము కారుతున్న ఒకామె ఆ వార్డులో చేరింది. ఆమెకిచ్చిన మంచం రౌండ్స్ మొదలయ్యే మంచం. శవాల గది నుంచి వచ్చినప్పుడే కదా కడుక్కోవాలి, మంచానికీ మంచానికీ మధ్య ఎందుకని ఆమెని పరీక్షించిన చేతులతోనే వరసగా మిగతావాళ్లని పరీక్షించారు. అప్పుడు కాన్పుకున్న పన్నెండుమందిలో పదకొండుమంది చనిపోయారు. దాంతో ప్రతి రోగికీ రోగికీ మధ్య కడుక్కోవాలన్న నియమం వచ్చింది. తన సిద్ధాంతంలో బెజ్జం ఉందని ఆయనకి చెప్పింది కూడా లెక్కే.

రెండోది ఇంకా చేదు. ఆయన పాత రిజిస్టర్లు 1784 దాకా వెనక్కి తిరగేశాడు. మొదటి నలభై ఏళ్లలో పోయిన తల్లులు నూటికి ఒకరికి కాస్త అటూ ఇటూ. 1823 నుంచి ఆ సంఖ్య పైకి లేచింది. అప్పటికి ఏం మారింది? పాత ప్రొఫెసరు బోయర్ వెళ్లిపోయి, క్లైన్ వచ్చాడు. విద్యార్థులకి శవపరీక్షల ద్వారా ప్రసూతి శాస్త్రం నేర్పడం మొదలైంది. అది ఆనాటికి గొప్ప విద్యా సంస్కరణ! రోగం లోపల ఎలా ఉంటుందో కళ్లారా చూపించి నేర్పాలన్న మంచి ఉద్దేశమే పాతికేళ్లపాటు బాలింతల్ని తినేసింది. క్లైన్‌కి ఈ లెక్క రుచించలేదంటే వింతేముంది? 1849లో సెమ్మెల్వైస్ ఉద్యోగం పొడిగించలేదు. తప్పు ఆయన వైపూ ఉంది. కనిపెట్టింది సరిగ్గా రాసి పుస్తకంగా వెయ్యడానికి 1861 దాకా ఆగాడు, ఒప్పుకోనివాళ్లని హంతకులని తిట్టాడు. 1865లో పిచ్చాసుపత్రిలో, గాయం చీముపట్టి చనిపోయాడు.

ఇప్పుడు ఆలోచించండి. ఆ చావులకి కారణం నేర్పడం. ఆ కారణం బయటపడింది కూడా నేర్పే ఆస్పత్రి కాబట్టే. శవాల గది ఉంది, రిజిస్టర్లు ఉన్నాయి, పోల్చడానికి రెండో విభాగం ఉంది, ఎందుకని అడిగే కుర్రవాడు ఉన్నాడు. ఇంట్లో కాన్పు చేసే మంత్రసాని చేతిలో ఒకరు పోతే దేవుడి ఖాతాలో రాసేవారు. లెక్క రాసే చోట తప్పుకి ఒక అంకె వస్తుంది, అంకెకి పక్కన ఇంకో అంకె పెట్టి చూడొచ్చు.

వైద్యాన్ని మంచం పక్కనే నేర్పడం వియన్నాతో మొదలు కాలేదు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో బోయర్‌హావ్ పన్నెండు మంచాల చిన్న వార్డులో, ఆరుగురు మగవాళ్లు ఆరుగురు ఆడవాళ్లని పెట్టుకుని యూరపంతటికీ పాఠం చెప్పాడు. కాని మూడు పనులనీ ముందే అనుకుని, కాగితం మీద రాసుకుని ఒకచోట కట్టిన ఆస్పత్రంటే అమెరికాలో బాల్టిమోర్‌ది చెప్పుకోవాలి. రైల్వే వాటాల్లో బాగా గడించిన జాన్స్ హాప్కిన్స్ 1873లో చనిపోతూ 70 లక్షల డాలర్లు రాసిచ్చాడు, సగం యూనివర్సిటీకి, సగం ఆస్పత్రికి. ఆస్పత్రి ఎప్పటికైనా యూనివర్సిటీ వైద్య కళాశాలలో భాగం కావాలని ధర్మకర్తలకు ఉత్తరం కూడా రాశాడు. ఆస్పత్రి 1889లో తెరిచారు, కళాశాల 1893లో. కళాశాల ఆలస్యానికి డబ్బే కారణం. మేరీ గారెట్ అనే ధనవంతురాలు, మగవాళ్లతో సమానంగా ఆడవాళ్లని చేర్చుకుంటేనే ఇస్తానని షరతు పెట్టి ఆ లోటు పూడ్చింది.

అక్కడ విలియం ఆస్లర్ విద్యార్థుల్ని లెక్చర్ హాలు బెంచీల మీంచి లేపి వార్డుల్లోకి తోలాడు. ప్రతి విద్యార్థికీ కొన్ని మంచాలు అప్పగించి, రోగి కథ రాయడం, రక్తం మూత్రం పరీక్షించడం వాళ్లకే వదిలాడు. తను చేసిన పనులన్నిట్లోకీ విద్యార్థుల్ని వార్డుల్లోకి తేవడమే గొప్పదని ఆయన తన గురించి తను అనుకునేవాడు. సర్జరీలో విలియం హాల్‌స్టెడ్ మెట్లు కట్టాడు: ముందు చూడు, తర్వాత పట్టుకో, తర్వాత కుట్టు, ఏళ్లు గడిచాక కోయి. ఆస్పత్రిలోనే కాపురముండి నేర్చుకునేవాడు కాబట్టి రెసిడెంట్ అన్నారు. మన హౌస్ సర్జన్ అన్న మాటలో కూడా ఆ ఇంటి వాసనే ఉంది. రోగి భార్య భయానికి అసలైన జవాబు ఈ మెట్లే. నేర్చుకునేవాడి చేతిలో ప్రాణం పెట్టడం తప్పదు. ఏ మెట్టు మీదున్నవాడి చేతిలో ఎంత పెట్టాలన్నదే ఆ వ్యవస్థ అంతా.

చేతుల కథ అక్కడా తిరిగింది. ఆపరేషన్ గదిలో హాల్‌స్టెడ్ దగ్గర హెడ్ నర్సుగా ఉన్న కరొలిన్ హాంప్టన్‌కి, క్రిములు చంపే పాదరసపు ద్రావణంతో చేతులు పగిలి మండేవి. 1889–90 చలికాలంలో ఆయన గుడ్‌ఇయర్ రబ్బరు కంపెనీకి చెప్పి ఆమె చేతులకి సరిపోయే పల్చటి తొడుగులు చేయించాడు. తర్వాత పెళ్లి చేసుకున్నాడు. గ్లవ్స్ పుట్టింది నర్సు చర్మం కాపాడటానికి, రోగిని కాపాడటానికి కాదన్నమాట. రోగికీ మేలేనని తేల్చింది హాల్‌స్టెడ్ శిష్యుడు జోసెఫ్ బ్లడ్‌గుడ్. గ్లవ్స్‌కి ముందు, తర్వాత చేసిన హెర్నియా ఆపరేషన్ల రికార్డులు తిరగేసి, పుండు చీముపట్టిన కేసులు ఎంత తగ్గాయో 1899లో అచ్చువేశాడు. ప్రేమతో మొదలైనదాన్ని నిలబెట్టింది మళ్లీ రికార్డ్ రూమే.

బోస్టన్‌లో రిచర్డ్ క్యాబట్ ఇంకో మెట్టు ఎక్కాడు. హార్వర్డ్ వాళ్లు నేర్చుకునే మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో, డాక్టర్లు బతికుండగా చెప్పిన రోగనిర్ధారణని చనిపోయాక శవపరీక్షలో బయటపడ్డదానితో పోల్చి, 3,000 కేసుల లెక్క 1912లో అచ్చువేశాడు. చాలా రోగాల్లో పెద్దపెద్ద డాక్టర్లే ఘోరంగా తప్పారు. తోటివారికి ఒళ్లు మండింది. ఆయన అక్కడితో ఆగకుండా ఒక ఆట పెట్టాడు: రోగి కథ చదివి వినిపిస్తారు, పేరున్న ప్రొఫెసరు నిండు సభలో ఫలానా రోగమని తేల్చి చెప్పాలి, తర్వాత పాథాలజిస్టు లేచి అసలు సంగతి బయటపెడతాడు. ఈ సభలు ఇప్పటికీ ప్రపంచమంతా నడుస్తున్నాయి. విద్యార్థి ముందు ప్రొఫెసరు తప్పు చెప్పి కూర్చోవడం కంటే మంచి పాఠం మరోటి ఉంటుందనుకోను. గురువు మాటకి తిరుగులేదనే మన అలవాటుకి ఇది కాస్త మింగుడుపడదు.

సరే, ఇంతకీ సామెత నెగ్గిందా? 2017లో అమెరికాలో ఒక పెద్ద లెక్క తీశారు. 65 ఏళ్లు దాటినవాళ్లకి సర్కారు బీమా కింద జరిగిన 2 కోట్లకు పైగా ఆస్పత్రి చేరికల్ని పట్టి, రోగుల వయసు, జబ్బు తీవ్రత వంటి తేడాలు సర్ది చూశారు. చేరిన నెల రోజుల్లో చనిపోయినవారు పెద్ద బోధనాసుపత్రుల్లో నూటికి 8.3, చిన్న బోధనాసుపత్రుల్లో 9.2, బోధన లేనివాటిలో 9.5. విద్యార్థులు ముసిరే చోటే చావులు తక్కువ. ఇలాంటి లెక్క కారణాన్ని రుజువు చెయ్యదు, అమెరికా లెక్కని మన జిల్లా ఆస్పత్రికి అతికించడమూ కుదరదు. పెద్ద ఆస్పత్రిలో పరికరాలుంటాయి, నిపుణులుంటారు, రాత్రి రెండింటికి కూడా మెలకువగా ఉన్న డాక్టరు ఉంటాడు. ఆ చివరిది మాత్రం నేర్చుకునేవాళ్లు ఉండబట్టే వచ్చిందని గమనించాలి.

ఈ బేరంలో చెల్లించేది ఎవరన్నది ఇంకా మిగిలే ఉంది. ఆ హాప్కిన్స్ ఆస్పత్రిలోనే 1951లో నల్లజాతివారి వార్డులో హెన్రియెటా లాక్స్ అనే ఐదుగురు బిడ్డల తల్లి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో చేరింది. రేడియం పెట్టే ముందు ఆ పుండులోంచి చిన్న ముక్క తీసి ల్యాబుకు పంపారు. ఆమెని అడగలేదు, అప్పట్లో అడిగే అలవాటే లేదు. గాజుగిన్నెలో మనిషి కణాలన్నీ కొన్నాళ్లకే చచ్చిపోతుంటే, ఆమెవి మాత్రం రోజుకి రెట్టింపవుతూ బతికాయి. ఆమె అక్టోబరులో పోయింది. కణాలు ఇప్పటికీ బతికే ఉన్నాయి, పోలియో టీకా పరీక్షల నుంచి ప్రపంచంలోని ల్యాబులన్నిట్లోనూ పనిచేశాయి. కుటుంబానికి తెలిసింది ఇరవై ఏళ్లు దాటాక. అదే చెయ్యి, అదే కత్తి, అదే నిమిషం. వైద్యం ఎక్కడ ఆగిందో, పరిశోధన ఎక్కడ మొదలైందో ఆ మంచం మీద గీత లేదు.

ఆ గీత గీయడానికే ఇప్పుడు ప్రతి బోధనాసుపత్రిలో ఎథిక్స్ కమిటీ ఉంటుంది. అందులో డాక్టర్లతోపాటు న్యాయం తెలిసినవారు, వైద్యంతో సంబంధంలేని మామూలు మనిషి కూడా కూర్చోవాలి. రోగికి చదువు రాకపోతే వేలిముద్ర ఒక్కటే చాలదు, ఆస్పత్రితో సంబంధంలేని సాక్షి ఎదుట అంతా చదివి చెప్పాలి. మన దేశంలో మందుల ప్రయోగాల్ని 2009 నుంచి ముందే బహిరంగ రిజిస్టరులో నమోదు చెయ్యాలి. కాగితం మీద ఇవన్నీ బాగున్నాయి. కిక్కిరిసిన ఓపీలో నాలుగు పేజీల ఒప్పంద పత్రాన్ని తెలుగులో తీరిగ్గా చదివి వినిపించే ఓపిక ఎంతమందికి ఉంటుందో చూడాలంటే ఒక పూట అక్కడ బెంచీ మీద కూర్చుంటే చాలు.

తెలుగువాడొకడు ఈ మూడు పనుల కూడలిలోకి విచిత్రమైన దారిన వెళ్లాడు. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు మద్రాసు మెడికల్ కాలేజీలో చదివాడు. ఖద్దరు వేసుకున్నందుకు సర్జరీ ప్రొఫెసరుకి కంటగింపై ఎంబీబీఎస్ బదులు అంతకంటే తక్కువదైన ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. తర్వాత బోస్టన్‌లో దిగితే అక్కడ డాక్టరుగా పనిచేసే వీల్లేదు. హార్వర్డ్‌కి అనుబంధమైన బ్రిగం ఆస్పత్రిలో రాత్రిపూట బెడ్ పాన్లు కడిగే పని దొరికింది. పగలు హార్వర్డ్ ల్యాబులో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ, ఒంట్లో భాస్వరం ఎంతుందో రంగునిబట్టి కొలిచే పద్ధతిని 1925లో ఆయనతో కలిసి ప్రచురించాడు. ఆ పద్ధతి దశాబ్దాలపాటు ఆస్పత్రి ల్యాబుల్లో నిలిచింది. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరాక, తన అన్నదమ్ముల్ని బలిగొన్న స్ప్రూ వ్యాధి మనసులో ఉండగానే, ఆయన బృందం దానికి పనిచేసే ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది.

బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో సిడ్నీ ఫార్బర్ పాథాలజిస్టు. ఆయన రోగులు శవాల గదికి వచ్చిన పిల్లలు. రక్తక్యాన్సర్ ఉన్న పిల్లలకి ఫోలిక్ ఆమ్లం తరహా మందులిచ్చి, వాళ్ల ఎముక మజ్జలోనూ పోయినవాళ్ల శవపరీక్షల్లోనూ చూసి, అది ఆ జబ్బుకి మేత వేస్తోందని గుర్తించాడు. మరి ఆ మేతని అడ్డుకుంటే? అడ్డుకునే మందు అమినాప్టెరిన్ సుబ్బారావు బృందం నుంచి వచ్చింది. 1947 చివర్లో ఫార్బర్ దాన్ని పట్టుకుని పైన పిల్లల వార్డుకి ఎక్కాడు. అంతకు సరిగ్గా వందేళ్ల ముందు వియన్నాలో శవాల గది నుంచి వార్డుకి నడిచిన దారి అది. 1948 జూన్‌లో అచ్చయిన లెక్క: 16 మంది పిల్లలకి ఇస్తే 10 మందిలో జబ్బు వెనక్కి తగ్గింది. తగ్గింది కొద్ది నెలలే, మళ్లీ తిరగబెట్టింది. ఫార్బర్ శీర్షికలోనే తాత్కాలికమని రాశాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు.

ఆ మందుకి చెల్లెలైన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ పిల్లల రక్తక్యాన్సర్ వార్డుల్లో ఉంది. మిగతా మందులతో కలిపి ఏది ఎంత, ఎన్నాళ్లు అన్నది ఒక ట్రయల్ తర్వాత ఇంకో ట్రయల్‌గా సవరించుకుంటూ వచ్చారు. మంచి సదుపాయాలున్న చోట ఈ పిల్లల్లో ఎక్కువమంది బతికి పెద్దవాళ్లవుతున్నారు. వైద్యం చివరి దశలో ఇంటికి పంపేటప్పుడు ఆ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే బిడ్డ ప్రాణానికే ముప్పు. అందుకని డిశ్చార్జి చీటీ రాసే హౌస్ సర్జన్ భుజం మీంచి పీజీ తొంగి చూస్తుంది. "వారానికోసారి అని రాస్తే చాలదమ్మా, బుధవారం అని రాయి. రాసింది వాళ్లమ్మ చేత నీకు తిరిగి చెప్పించుకో."